గోడకు అటువైపు: రైన్ తీరం నుంచి క్రాకో దాకా యూదు స్త్రీల చదువు దారి

మంగళవారం: ష్పెయర్

ఈ ప్రయాణాన్ని మంగళవారమే మొదలుపెట్టాలి. జర్మనీలో చిన్న ఊళ్ళ మ్యూజియాలు చాలావరకు సోమవారం తెరవరు. శనివారం సబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి దినం, కాబట్టి యూదు శ్మశానాలు, కొన్ని యూదు మ్యూజియాలు తలుపు తీయవు. మంగళవారం ష్పెయర్‌లో దిగితే బుధవారం వర్మ్స్, గురువారం ఫ్రాంక్‌ఫర్ట్ పరిసరాలు, శుక్రవారం బెర్లిన్, ఆదివారం ప్రాగ్, సోమవారం క్రాకో సరిగ్గా కుదురుతాయి. మూడు దేశాలకూ ఒకే షెంగెన్ వీసా చాలు. సెప్టెంబరు, అక్టోబరుల్లో యూదుల కొత్త సంవత్సరం, ఉపవాస దినం, పర్ణశాలల పండుగ వరసగా వస్తాయి. ఆ వారాలు, వసంతంలో పస్కా వారం వదిలేసి తేదీలు వేసుకోవడం మంచిది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగాలు చేస్తున్న పిల్లల దగ్గరికి వెళ్ళే తెలుగువాళ్ళు చాలామంది. వాళ్ళు మొదటి మూడు రోజులూ ఆ ఇంటి నుంచే ఉదయం వెళ్ళి రాత్రికి తిరిగి రావచ్చు. డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకుంటే ప్రాంతీయ రైళ్ళన్నిటికీ పనికొస్తుంది, ఐసీఈ లాంటి వేగం రైళ్ళకు మాత్రం చెల్లదు. అది నెలనెలా దానంతటదే కొనసాగే చందా. ఆ నెల 10వ తేదీలోగా రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు కూడా ఖాతాలోంచి పోతుంది.

ఈ దారిలో చూడాల్సింది ఒకటుంది. ప్రార్థన, ఉపవాసం, దానం విషయంలో యూదు స్త్రీని ఆపినవాళ్ళు తక్కువ. అడ్డు పడింది గ్రంథం దగ్గర, అంటే తోరాను (మోషే ఐదు గ్రంథాలు), తల్ముద్‌ను (ధర్మంపై పండితుల వాదాల సంకలనం) చదివి వాదించే హక్కు దగ్గర. తల్ముద్‌కు మూలమైన పాత చట్ట సంకలనం మిష్నాలో, సోటా అనే భాగం 3వ అధ్యాయంలో ఒకేచోట రెండు మాటలున్నాయి. కూతురికి తోరా నేర్పాల్సిన బాధ్యత తండ్రికి ఉందంటాడు బెన్ అజ్జాయ్. నేర్పితే ఆమెను చెడు దారికి నడిపినట్టేనంటాడు రబ్బీ (యూదు మతగురువు) ఎలీఎజెర్. తరతరాలుగా ఎక్కువమంది పండితులు రెండో మాటనే పట్టుకున్నారు. అయినా మొదటి మాటను ఎవరూ గ్రంథంలోంచి తీసెయ్యలేదు. ఈ దారిలోని ఊళ్ళన్నిటా ఆ రెండు మాటలూ పక్కపక్కనే కనిపిస్తాయి.

ష్పెయర్ స్టేషన్ నుంచి పెద్ద చర్చి వైపు నడిచి, దానికి కాస్త ముందు క్లైనె ప్ఫాఫెన్‌గాసె అనే సందులోకి తిరిగితే యూదుల ప్రాంగణం వస్తుంది. 1084లో బిషప్ రూడిగర్ యూదులను పిలిచి స్థలమిచ్చిన ఊరిది. 1104లో ప్రారంభమైన సినగాగ్ (యూదుల ప్రార్థనామందిరం) తూర్పు గోడ ఇప్పటికీ నిలబడి ఉంది. దాన్ని ఆనుకొని 13వ శతాబ్దం మధ్యలో స్త్రీల కోసం వేరే ప్రార్థనశాల కట్టారు. రెండింటికీ మధ్య గోడలో సన్నని నిలువు సందులు పెట్టారు, మగవాళ్ళ ప్రార్థన ఇటు వినపడడానికి. ఇటువైపు నిలబడి చూస్తే ఆ సందులు ఎంత ఇరుకైనవో తెలుస్తుంది. మాట వినపడుతుంది, చుట్టగా చుట్టి ఉంచే తోరా గ్రంథం కంటపడదు.

పక్కనే నేలకు సుమారు 10 మీటర్ల లోతున మిక్వే, అంటే శుద్ధి స్నానపు కొలను. 1126 నాటికే దీని ప్రస్తావన ఉంది. మధ్య ఐరోపాలో ఈ రకం కట్టడాల్లో నిలిచి ఉన్న అతి పాతది ఇదే. మెట్లు దిగుతుంటే ఎండాకాలంలో కూడా చలేస్తుంది, రాయి చెమ్మగా ఉంటుంది. అరిగిపోని రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోవాలి. నీరు రైన్ నది వైపు నుంచి నేలలోంచి ఊరి వస్తుంది. ధర్మం ప్రకారం కుండలతో తోడి పోసిన నీరు మిక్వేకు పనికిరాదు. ఊటనీరో వాననీరో తనంతట తాను చేరాలి. కనీసం 40 సెయా ఉండాలి. ఆ కొలత ఎంతన్నదానిపై పండితుల లెక్కలు వేరు, సుమారు 330 లీటర్ల నుంచి 575 లీటర్ల దాకా చెబుతారు. నెలసరి ఆగాక ఏడు శుభ్రమైన రోజులు లెక్కపెట్టుకొని, చీకటి పడ్డాక వివాహిత ఇందులో మునుగుతుంది. అంతకుముందే ఒళ్ళంతా కడుక్కోవాలి, జుట్టు చిక్కు తీసుకోవాలి, ఉంగరాలు, గోళ్ళ రంగు, కట్లు అన్నీ తీసేయాలి. నీటికీ చర్మానికీ మధ్య ఏదైనా అడ్డుంటే ఆ మునక లెక్కలోకి రాదు. జుట్టులో ఒక పాయ నీటిపైన తేలినా మళ్ళీ మునగాల్సిందే. అందుకే పక్కన ఇంకో స్త్రీ నిలబడి చూసి చెబుతుంది.

చదువు విషయంలో ఈ మెట్లకు పెద్ద ప్రాధాన్యం ఉంది. రోజులు లెక్కపెట్టడం, ఏది అడ్డు ఏది కాదని తేల్చుకోవడం స్త్రీ స్వయంగా చేయాలి. తెలియకుండా చేయడం కుదరదు. ఈ ఊళ్ళోనే పుట్టి 1217లో రెగెన్స్‌బుర్గ్‌లో చనిపోయిన యెహూదా హె-హసీద్ బోధనల్లో, తండ్రి కూతుళ్ళకు ఆజ్ఞలనూ వాటి ఆచరణ విధులనూ నేర్పి తీరాలని ఉంది. తల్ముద్ వాదం లోతులు మాత్రం వద్దన్నారు. ఈ గీత సుమారు ఏడు వందల ఏళ్ళు నిలిచింది.

బుధవారం: వర్మ్స్

ష్పెయర్ నుంచి లుడ్విగ్స్‌హాఫెన్ మీదుగా వర్మ్స్‌కు సుమారు గంట. ష్పెయర్, వర్మ్స్, మైన్స్ మూడింటినీ కలిపి యూదులు షూమ్ ఊళ్ళంటారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. సమయం తక్కువైతే మైన్స్ వదిలేయవచ్చు గానీ వర్మ్స్‌కు రోజంతా ఇవ్వాలి.

ఇక్కడి మొదటి సినగాగ్ 1034 నాటిది. ఉత్తరం వైపు స్త్రీల ప్రార్థనశాలను 1212-13లో మెయిర్ బెన్ యోయెల్, ఆయన భార్య యూడిత్ కట్టించారు. లోపలికి వెళ్ళినవాళ్ళు తరచూ పొరపడే సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఇప్పుడు రెండు గదుల మధ్య వెడల్పాటి కమానులున్నాయి. వాటిని చూసి, మధ్యయుగంలో ఇంత కలిసి కూర్చునేవారా అనుకుంటారు. ఆ కమానులు 19వ శతాబ్దంలో గోడ పగలగొట్టి పెట్టినవి. అంతకుముందు అక్కడ చిన్న తలుపు, కిటికీ లాంటి రంధ్రాలు మాత్రమే. 1938 నవంబరులో నాజీలు భవనాన్ని తగలబెట్టారు, తర్వాత కూల్చేశారు. 1961లో మళ్ళీ తెరిచినది దొరికిన పాత రాళ్ళను కలుపుకొని కట్టిన గోడలు. ఏ రాయి పాతదో, ఏది కొత్తదో చూపించమని గైడును అడిగి తెలుసుకోవాలి.

గోడకు ఇటువైపు స్త్రీలు మౌనంగా కూర్చోలేదు. వాళ్ళకు వేరే పాటగత్తె ఉండేది. 1275లో చనిపోయిన ఉరానియా ఈ ఊరి గాయక పెద్ద అబ్రహాము కూతురు. తండ్రి అటువైపు పాడించినట్టే ఆమె ఇటువైపు స్త్రీల ముందు నిలబడి స్తోత్రాలు పాడేదని ఆమె సమాధి రాతలో ఉంది.

ఆమెకు ముందు తరం మనిషి డుల్చెయా. ప్రసిద్ధ పండితుడు ఎలాజర్ భార్య. 1196 నవంబరులో ఇద్దరు సాయుధులు ఇంట్లో చొరబడి ఆమెనూ, బెలెట్, హన్నా అనే ఇద్దరు కూతుళ్ళనూ చంపేశారు. ఎలాజర్ రాసిన విలాప గీతం మిగిలింది. సామెతల గ్రంథం 31వ అధ్యాయంలోని గుణవతియైన భార్య పద్యాలను ఒక్కొక్కటే తీసుకొని, ఒక్కోదానికీ డుల్చెయా చేసిన పని ఒకటి జోడించాడు. ఆ పనుల జాబితా చూడండి. తోరా చుట్టల తోలు పుటలు కుట్టడానికి పశువుల నరాల దారం తయారుచేసి సుమారు 40 చుట్టలు కుట్టింది. సినగాగ్‌కు ఒత్తులు, కొవ్వొత్తులు చేసింది. వడ్డీ వ్యాపారం నడిపి ఇంటినీ, భర్త దగ్గర చదువుకొనే శిష్యులనూ పోషించింది. ఊరూరా స్త్రీలకు ప్రార్థనల వరస, పాటల బాణీలు నేర్పింది. పదమూడేళ్ళ బెలెట్ ప్రార్థనలన్నీ తల్లి దగ్గరే నేర్చుకుంది. ఆరేళ్ళ హన్నా రోజూ షెమా, అంటే దేవుడొక్కడేనని చాటే ప్రార్థన, మొదటి భాగం చదివేది. యూదు స్త్రీల చదువుపై ఇంతకంటే విలువైన సాక్ష్యం మధ్యయుగంలో దొరకడం కష్టం. తోరా పుటలు కుట్టిన చేతులకు ఆ తోరాను సభలో విప్పి చదివే అవకాశం లేదు, అయినా ఊళ్ళో సగం మందికి ఆమే గురువు.

మధ్యాహ్నం పాత శ్మశానం, హైలిగర్ జాండ్. సినగాగ్ నుంచి ఊరి నడిబొడ్డు దాటి నడవాలి. మగవాళ్ళు తల కప్పుకోవాలి. అతి పాత రాయి 11వ శతాబ్దం మధ్యది. ద్వారానికి దగ్గర్లోనే పైన గులకరాళ్ళు, చీటీలు పేరుకున్న జంట సమాధుల్లో ఒకటి రోథెన్‌బుర్గ్ రబ్బీ మెయిర్‌ది. ఆయన 1293లో చెరలో చనిపోయాడు. 1307లో ఒక యూదు వర్తకుడు డబ్బు కట్టి దేహాన్ని విడిపించాకే ఖననం జరిగింది. చీటీలను తీయకూడదు, చదవకూడదు.

ఈ సమాధి దగ్గర కాసేపు ఆగాలి. సున్నతి సమయంలో బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చునే గౌరవం అప్పట్లో స్త్రీలకూ దక్కేది. సినగాగ్‌లో మగవాళ్ళ మధ్య అలా కూర్చోవడం తగదని దాన్ని గట్టిగా వ్యతిరేకించినవాడు ఈ మెయిరే. సభలో తోరా చదివే వంతుల్లో మొదటిది యాజక వంశీకుడికి, తర్వాతివి మిగతావాళ్ళకు ఇవ్వడం ఆచారం. అదే మెయిర్ ఇంకో ప్రశ్నకు జవాబిస్తూ, ఊరంతా యాజక వంశీకులే అయితే తోరా పఠనంలో మిగతా వంతులకు స్త్రీలను పిలవవచ్చన్నాడు. ఎందుకంటే మొదటి వంతు తర్వాత కూడా యాజకుణ్ణే పిలిస్తే అతని వంశంలో ఏదో లోపముందని జనం అనుకుంటారు. అంటే స్త్రీని పిలవడం నిషేధమని ఆయన అనుకోలేదు. సభ మర్యాద పేరుతో పక్కన పెట్టారు, అవసరం వస్తే మర్యాద పక్కకు తప్పుకుంది. నేటి వాదాల్లో ఈ తీర్పు ఇప్పటికీ ఉదాహరణగా వస్తుంది.

గురువారం: ఫ్రాంక్‌ఫర్ట్, నోయ్-ఇసెన్‌బుర్గ్, ఒఫెన్‌బాఖ్

ఈ రోజంతా ఎస్-బాన్ రైళ్ళే. ఉదయం ఫ్రాంక్‌ఫర్ట్ యూదెన్‌గాసె మ్యూజియంలో పాత యూదు వాడ ఇళ్ళ పునాదులు చూడవచ్చు. అక్కడికి దగ్గర్లోని హానౌలో 1622లో అచ్చయిన పుస్తకం స్త్రీల చదువును మలుపు తిప్పింది. పేరు త్సెనె-రెనె. యానోవ్‌కు చెందిన యాకోబ్ బెన్ ఇసాక్ దీన్ని ఐరోపా యూదుల ఇంటి భాష యిద్దిష్‌లో కూర్చాడు. వారం వారం చదివే తోరా భాగాలు, వాటి వ్యాఖ్యానాలు, కథలు ఇందులో ఉన్నాయి. అంతకుముందు ముద్రణలు అరిగి పోయాయి, ఇప్పుడు దొరికే పాత ప్రతి ఇదే. సబ్బాతు మధ్యాహ్నాలు యిద్దిష్ మాట్లాడే యూదుల ఇళ్ళలో ఇది చదువుతూ పెరిగిన స్త్రీల తరాలు ఎన్నో. వీటికి వైబర్‌టైచ్ అనే వేరే అచ్చు అక్షరాలు వాడేవారు. సబ్బాతు దీపం పెట్టేటప్పుడు, రొట్టె పిండిలోంచి ముద్ద తీసేటప్పుడు, మిక్వేకు వెళ్ళేటప్పుడు చదువుకొనే యిద్దిష్ ప్రార్థనలు, త్ఖినెలు, ఇవే అక్షరాల్లో వచ్చాయి. వాటిలో కొన్ని స్త్రీలే రాశారు.

త్సెనె-రెనెను 1930లో జర్మన్‌లోకి తెచ్చింది బెర్తా పాపెన్‌హైమ్. 1904లో యూదు మహిళా సమాఖ్యను స్థాపించిందీ ఆమే. 1907లో నోయ్-ఇసెన్‌బుర్గ్‌లో దిక్కులేని ఆడపిల్లలకూ, పెళ్ళికాని తల్లులకూ ఇల్లు పెట్టింది. ఆడపిల్లకు ధర్మం తెలియకుండా పెంచి, ఆమె దారి తప్పితే సమాజమే తిట్టడం అన్యాయమని ఆమె వాదన. ఆ ఇంటి ప్రధాన భవనాన్ని 1938 నవంబరులో తగలబెట్టారు. మిగిలిన ఇంట్లో ఇప్పుడు స్మారక ప్రదర్శన ఉంది. వారంలో కొన్ని గంటలే తెరుస్తారు, ముందే రాసి అడగాలి. చాలామంది తాళం చూసి తిరిగొస్తారు.

సాయంత్రం ఒఫెన్‌బాఖ్. గోఠె వీధిలోని గుమ్మటం భవనం 1916లో కట్టిన సినగాగ్, ఇప్పుడు కాపిటోల్ అనే నాటకశాల. ఈ ఊరి రబ్బీ మాక్స్ డీనెమన్ 1935 డిసెంబరు 27న రెగీనా యోనస్‌ను పరీక్షించి రబ్బీ పట్టా ఇచ్చాడు. లోకంలో పట్టా పొందిన మొదటి స్త్రీ రబ్బీ ఆమే.

శుక్రవారం: బెర్లిన్

పొద్దున్నే ఐసీఈ ఎక్కితే సుమారు నాలుగు గంటలు. ముందుగా కొంటే చౌక, అప్పటికప్పుడు కొంటే రెండు మూడింతలు.

టుఖోల్‌స్కీ వీధి 9వ నంబరు ఇల్లు ఒకప్పుడు యూదు శాస్త్రాల ఉన్నత పాఠశాల. యోనస్ ఇక్కడే చదివింది. 1930లో రాసిన పరిశోధన వ్యాసానికి ఆమె పెట్టుకొన్న ప్రశ్న: స్త్రీ రబ్బీ పదవి చేపట్టవచ్చా? ధర్మశాస్త్రం పుటలను వరసగా తరచి, పక్షపాతమూ అలవాటు లేకపోవడమూ తప్ప ధర్మపరంగా దాదాపు ఏ అడ్డూ లేదని తేల్చింది. వ్యాసాన్ని మెచ్చిన గురువు ఎడ్వర్డ్ బానెత్ ఆ ఏడే చనిపోయాడు. తర్వాతివాళ్ళు పట్టా ఇవ్వలేదు, టీచరు అర్హతతో సరిపెట్టారు. పట్టా వచ్చింది ఐదేళ్ళ తర్వాత, ఒఫెన్‌బాఖ్‌లో. 1942 నవంబరులో ఆమెను నాజీల నిర్బంధ శిబిరం టెరెజియెన్‌స్టాట్‌కు తరలించారు. అక్కడ ఇచ్చిన ఉపన్యాసాల జాబితా చేతిరాతలో మిగిలింది. 1944 అక్టోబరులో ఆష్‌విట్జ్‌కు పంపి చంపేశారు. దాచిపెట్టిన కాగితాలు తూర్పు బెర్లిన్ దస్తావేజుల్లో పడి ఉండి 1991లో పరిశోధకురాలు కథరీనా ఫాన్ కెలెన్‌బాఖ్ చేతికి వచ్చేదాకా ఆమె పేరు దాదాపు ఎవరికీ తెలియదు. ఇది నన్నడిగితే హత్య తర్వాత జరిగిన రెండో అన్యాయం. ఆమెతో పనిచేసి బతికి బయటపడినవాళ్ళు ఉన్నారు, నోరు విప్పింది తక్కువ. క్రౌస్నిక్ వీధి 6లో ఆమె ఇల్లున్న చోట ఫలకం ఉంది.

మూల తిరిగితే ఒరానియెన్‌బుర్గర్ వీధిలో బంగారు గుమ్మటపు కొత్త సినగాగ్, 1866 నాటిది. 3,200 మంది పట్టే హాలు ఇప్పుడు లేదు, ముందు భాగమే తిరిగి నిలబెట్టారు. ప్రవేశంలో విమానాశ్రయంలో లాగే తనిఖీ. శుక్రవారం ముందుగానే మూసేస్తారు, మధ్యాహ్నమే వెళ్ళాలి. పైఅంతస్తులో స్త్రీపురుషులు సమానంగా పాల్గొనే ప్రార్థన జరుగుతుంది. దానికి కొన్ని రోజుల ముందే పేరు, పాస్‌పోర్టు వివరాలు పంపాలి. నేరుగా తలుపు దగ్గరికి వెళ్తే లోపలికి పంపరు.

సాయంత్రం దీపాలు. సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు వెలిగించాలి. బెర్లిన్‌లో జూన్‌లో అది రాత్రి తొమ్మిది దాటాక, డిసెంబరులో మూడున్నర దాటగానే. ఆ రోజు ప్రయాణం పెట్టుకొంటే చలికాలంలో రైలులోనే సబ్బాతు మొదలైపోతుంది. మామూలుగా ఏ పనికైనా దీవెన ముందు, పని తర్వాత. ఇక్కడ తిరగేస్తారు. స్త్రీ ముందు ఒత్తులు వెలిగించి, చేతులతో కళ్ళు మూసుకొని, దీవెన చదివి అప్పుడు కళ్ళు తెరుస్తుంది. దీవెన ముందే చదివితే సబ్బాతు స్వీకరించినట్టు, ఆపై నిప్పు ముట్టకూడదు. రొట్టె పిండి విషయంలోనూ లెక్క ఉంది. సుమారు 1.67 కిలోలు, అంతకు మించి పిండి కలిపితే ఆలివ్ పండంత ముద్ద తీసి దీవెన చదివి కాల్చేస్తారు. 1.2 కిలోలకు మించితే దీవెన లేకుండా తీస్తారు. అంతకంటే తక్కువైతే తీయనక్కర్లేదు.

శనివారం

ప్రయాణం లేదు. ప్రార్థనకు వెళ్తే ఫోను బయటికి తీయకూడదు, రాయకూడదు, గంట మోగించకూడదు. ఆర్థడాక్స్ (పాత సంప్రదాయం పాటించే) సినగాగ్‌లో స్త్రీలు వేరే కూర్చుంటారు, సామూహిక ప్రార్థనకు కావాల్సిన పదిమంది లెక్కలోకి మగవాళ్ళే వస్తారు. సమాన ప్రార్థనలో స్త్రీ తోరా చదువుతుంది, లెక్కలోకీ వస్తుంది. రెండూ చూస్తేనే తేడా అర్థమవుతుంది. చీకటి పడ్డాక ప్రాగ్ రైలు, లేదా ఆదివారం తెల్లవారుజామున. నాలుగు గంటల పైచిలుకు.

ఆదివారం: ప్రాగ్

13వ శతాబ్దపు పాత-కొత్త సినగాగ్‌లో మందమైన గోడకు మళ్ళీ అవే సన్నని రంధ్రాలు, అటువైపు స్త్రీలు. ష్పెయర్ నుంచి వచ్చినవాళ్ళు చూడగానే గుర్తుపడతారు. దీని టికెట్ మ్యూజియం టికెట్‌తో కలిసి వస్తుందో లేదో కొనేముందు అడగాలి.

ఈ ఊళ్ళో 1605లో చనిపోయిన రివ్కా టిక్టినర్ స్త్రీలకు బోధించిన ప్రవచకురాలు. ఆమె యిద్దిష్‌లో రాసిన నీతి గ్రంథం చనిపోయాక 1609లో ప్రాగ్‌లో, 1618లో క్రాకోలో అచ్చయింది. దేహానికి సంబంధించిన జ్ఞానం, ఆత్మకు సంబంధించిన జ్ఞానం అని మొదట్లోనే విడదీసి, ఆపై భర్త, తల్లిదండ్రులు, అత్తమామలు, పిల్లలు, కోడలు, ఇంట్లో పనివాళ్ళ గురించి, మొత్తం ఏడు అధ్యాయాలు రాసింది. ముఖపత్రం ఆమెను ప్రవచకురాలనే పిలిచింది. మిద్రాష్ (లేఖనాలపై పాత వ్యాఖ్యాన కథలు), తల్ముద్ మాటలను ఆమె ఉదహరించిన తీరు చూస్తే, గోడ ఇవతల కూర్చొని విన్నది ఒక్కటే ఆమె చదువు కాదని తెలుస్తుంది.

రాత్రి క్రాకోకు రైలు. బెర్తు ముందే పట్టుకోవాలి.

సోమవారం: క్రాకో

పాత యూదు వాడ కాజిమిర్జ్‌లో షెరోకా వీధి నుంచి మొదలుపెట్టాలి. రెము సినగాగ్ పక్కన 1572లో చనిపోయిన మోషె ఇస్సెర్లెస్ సమాధి. స్త్రీకి తోరా నేర్పించే విషయంలో పాత నిషేధాన్ని చెప్పిన ధర్మసంహితకు ఆయన ఒక్క వాక్యం జోడించాడు: స్త్రీకి వర్తించే చట్టాలను ఆమె నేర్చుకోవాల్సిందే. ష్పెయర్‌లో గీసిన గీత ఇక్కడ చట్టమైంది.

ఆ గీత ఇదే ఊళ్ళో చెదిరిపోయింది. 1869లో ఆస్ట్రియా, తన ఏలుబడిలో క్రాకో ఉన్న గలీషియా ప్రాంతంలో, పిల్లలకు బడి తప్పనిసరి చేసింది. భక్తిగల ఇళ్ళు మగపిల్లలను ఎలాగో మత పాఠశాలల్లోనే ఉంచాయి, ఆడపిల్లలను ప్రభుత్వ పోలిష్ బడులకు పంపాయి. ఫలితం ఊహించని తీరులో వచ్చింది. అన్నదమ్ములకు తల్ముద్ తెలుసు, పోలిష్ సాహిత్యం తెలియదు. అక్కచెల్లెళ్ళకు పోలిష్ సాహిత్యం వచ్చు, ప్రార్థన పుస్తకం రాదు. కొందరు అమ్మాయిలు ఇల్లు విడిచి కాన్వెంట్లలో చేరారు. 1903లో క్రాకోలో జరిగిన రబ్బీల సభలో మెనాహెం మెండెల్ లాండావు ఆడపిల్లల చదువు మాటెత్తితే సభ ఒప్పుకోలేదు.

రబ్బీలు చేయలేని పని ఒక దర్జీ చేసింది. సారా షెనిరెర్ 1883లో ఇక్కడే పుట్టింది, బట్టలు కుట్టి బతికింది. యుద్ధ శరణార్థిగా వియన్నా వెళ్ళినప్పుడు రబ్బీ మోషె ఫ్లెష్ ప్రసంగం విన్నది. హనుక్కా అనే దీపాల పండుగ రోజుల్లో ఆయన పాత కథల్లోని వీరనారి యూడిత్ గురించి చెప్పాడు. 1917లో క్రాకోకు తిరిగొచ్చి 25 మంది చిన్నపిల్లలతో బడి పెట్టింది. ముందు పెద్ద అమ్మాయిలతో మొదలుపెడితే వాళ్ళు నవ్వి వెళ్ళిపోయారు, అందుకే చిన్నవాళ్ళను ఎంచుకుంది. బెల్జ్ ఊరి హసిదీ భక్తుల గురువు రెండు మాటల దీవెన ఇచ్చాడు. 1919లో ఆర్థడాక్స్ యూదుల సంస్థ అగుదత్ ఇస్రాయెల్ అండ దొరికింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బెయిస్ యాకోవ్ అని పేరుపొందిన ఆమె బడులు రెండు వందలకు పైగా, వాటిలో ముప్పై వేలకు పైగా ఆడపిల్లలు. టీచర్లు చాలక, చదువు ముగించిన పదిహేను పదహారేళ్ళ అమ్మాయిలనే వేరే ఊళ్ళకు పంపింది.

పాత నిషేధం సంగతి ఏమిటని అడిగినవాళ్ళకు హాఫెట్స్ హయ్యిం అని పేరుపొందిన పండితుడు ఇస్రాయెల్ మెయిర్ కాగన్ జవాబిచ్చాడు. ఒకప్పుడు తాతముత్తాతల ఆచారం బలంగా ఉండేది, పిల్ల ఇంట్లో చూసి నేర్చుకునేది. ఇప్పుడు ఇతర భాషలు, చదువులు నేర్చుకుంటున్నప్పుడు తోరా నేర్పకపోవడమే ప్రమాదమని ఆయన తర్కం. గీతను చెరిపేయలేదు, జరిపాడు. బెయిస్ యాకోవ్‌లో తోరా, దానిపై మధ్యయుగ పండితుడు రాషి వ్యాఖ్యానం, ప్రవక్తల గ్రంథాలు, చట్టాలు, చరిత్ర నేర్పారు గానీ తల్ముద్ నేర్పలేదు. ఆ తలుపు ఆర్థడాక్స్ లోకంలో వేరేచోట తెరుచుకుంది. 1977లో న్యూయార్క్‌లోని స్టెర్న్ మహిళా కళాశాలలో రబ్బీ యోసెఫ్ సొలొవెయ్‌చిక్ తల్ముద్ పాఠం చెప్పాడు. 1999లో జెరూసలెంలోని నిష్మత్ సంస్థ నెలసరి, మిక్వే చట్టాల్లో స్త్రీల ప్రశ్నలకు జవాబిచ్చే మహిళలకు మొదటి పట్టాలిచ్చింది.

టీచర్ల శిక్షణాలయం స్తానిస్వావా వీధి 10లో ఉండేది, విస్తులా నది ఒడ్డుకు దగ్గర. గోడ మీద ఫలకం ఉంది. అక్కడి నుంచి నది దాటి పోద్‌గూజె వైపు ట్రాములో వెళ్తే ఆమెను పూడ్చిన కొత్త యూదు శ్మశానపు స్థలం వస్తుంది. 1935 మార్చి 1న చనిపోయింది. తర్వాత నాజీలు ఆ శ్మశానంపైనే ప్వాషువ్ శిబిరం కట్టి సమాధిరాళ్ళు పగలగొట్టి దారులకు పరిచారు. ఇప్పుడున్నది యుద్ధం తర్వాత పెట్టిన కొత్త రాయి. దారి చూపే బోర్డులు తక్కువ, వాన పడితే నేల బురద. మ్యాపులో గుర్తు ముందే పెట్టుకొని, గట్టి బూట్లతో, వెలుతురు ఉండగా వెళ్ళాలి. యూదుల క్యాలెండరులో ఆమె వర్ధంతి అదార్ 26, అంటే సాధారణంగా మార్చి నెల. ఆ రోజుల్లో ఆమె పెట్టిన బడుల వారసులైన విద్యార్థినులు బృందాలుగా వస్తారు. కాజిమిర్జ్‌లో గది కావాలంటే నెల ముందే చూసుకోవాలి.